చెరుకు కొరికే కోడలు

పెళ్లిచూపుల్లో పాట పాడమంటారేమోనని భయపడ్డాను. పాడమనలేదు. వంట వచ్చా అని కూడా అడగలేదు. నన్ను చూడడానికి తెనాలి నుంచి పాసింజరు బండిలో రేపల్లె వచ్చిన పెద్దావిడ, అంటే తర్వాత నాకు అత్తగారైన ఆవిడ, కాఫీ గ్లాసు పక్కన పెట్టి "ఏదీ, ఒక్కసారి నవ్వమ్మా" అంది. పెదాలు విప్పకుండా సిగ్గుగా నవ్వాను. "అట్టా కాదు తల్లీ, పళ్లు కనపడాలి" అంది. వెనక నుంచి మా అమ్మ నా వీపు మీద వేలితో పొడిచింది. ఇక తప్పక నవ్వాను. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, గేదెను బేరమాడే మనిషిలా నా నోట్లోకి తొంగి చూసింది. "మాకు నచ్చింది" అని అక్కడికక్కడే తేల్చేసింది. పెళ్లికొడుకు ఇంకా పకోడీలు నములుతూనే ఉన్నాడు. ఆయన్ని అడిగిన నాథుడు లేడు.

రెండు వేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్లయి ఉంటుంది. మా రేపల్లెలో సెల్ ఫోనున్నవాడు వీధిలోకొస్తే అందరూ తిరిగి చూసే రోజులు. ఆవిడ నా పళ్లెందుకు చూసిందో మా వాళ్లకి తెలుసు, నాకు చెప్పలేదు. తెనాలిలో కాపురానికి వెళ్లిన మర్నాడు తెల్లారాక తెలిసింది.

మా అత్తగారు పళ్లపొడి చేసి అమ్మేది. మామగారు పోయాక ఆ పొడి మీదే కొడుకుని చదివించింది, ఇల్లు నిలబెట్టింది. తెనాలిలో బియ్యం మిల్లులకి కొదవ లేదు కదా, అక్కడి నుంచి ఊక తెప్పించి పెరట్లో కుప్ప పోసి కాల్చేది. ఆ నల్లటి బూడిదలో వేయించిన ఉప్పు, పొంగించిన పటిక, ఎండబెట్టిన వేపాకు, కరక్కాయ, లవంగాలు వేసి రోట్లో దంచి, పాత పంచె గుడ్డలో జల్లించేది. దంచేటప్పుడు ఇల్లంతా లవంగాల ఘాటు. నా జడ, నా చీరలు, చివరికి పెరుగన్నం కూడా అదే వాసన. మా ఆయన ఆ పొడిని చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి, మోపెడ్ మీద తెనాలి కొట్లకీ, వారానికోసారి రేపల్లె వైపూ వేసొచ్చేవాడు.

కొట్లలో అమ్ముడయ్యేదానికంటే ఇంటికొచ్చి కొనుక్కునేవాళ్లే ఎక్కువ. పంటి నొప్పని, చిగుళ్లు నెత్తురు కారుతున్నాయని, నోరు వాసనొస్తోందని జనం వచ్చి అరుగు మీద కూర్చునేవారు. అత్తగారు ఓపిగ్గా విని, ఒకరికి ఉప్పునీళ్లు పుక్కిలించమని, ఒకరికి జామాకులు మరిగించి ఆ కషాయం నోట్లో పట్టమని, ఒకరికి పొద్దున్నే నువ్వులనూనె పుక్కిట పట్టి ఊసెయ్యమని చెప్పేది. చివరికి మాత్రం అందరికీ పొడి. కొనడానికి ఇంకా తటపటాయిస్తుంటే లోపలికి తిరిగి పిలిచేది.

"అమ్మాయ్, ఇలా రా ఒకసారి."

నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వాలి. అంతే నా పని. "మా కోడలు. చూడండి ఆ తెలుపు. మన పొడే" అనేది. నేనొచ్చి పట్టుమని పది రోజులు కాకముందే అనడం మొదలెట్టింది. ఆ పళ్లు మా నాన్న పోలికండీ బాబూ, పుట్టుకతో వచ్చినవి! ఆ మాట గొంతు దాకా వచ్చేది. కొత్త కోడలిని, మింగేసేదాన్ని.

ఆవిడ చెడ్డ మనిషైతే నాకు సుళువుగా ఉండేది. కాదు. అదే నా చావుకొచ్చింది. నాకు తలంటి పోసేది. నేను తినకుండా తను తినేది కాదు. నాకు ఒంట్లో బాగోలేకపోతే రోలు దగ్గరికి రానిచ్చేది కాదు. వీధిలో ఆడవాళ్లు "మీ అత్తగారు దేవత" అనేవారు. దేవతతో పేచీ ఎలా పెట్టుకోను?

చలికాలం మొదలయ్యాక కొల్లిపర వైపు నుంచి చెరుకు బళ్లు దిగేవి. ఆ రోజుల్లో అత్తగారికి కొత్త ఆలోచన వచ్చింది. నవ్వితే తెలుపొక్కటే కనపడుతుంది, గట్టిదనం ఎలా కనపడుతుంది? అరుగు మీద ఒక చెరుకు గడ ఆనించి పెట్టింది. ఎవరైనా వస్తే నాకొక ముక్క ఇచ్చేది. నేను దాన్ని పళ్లతో చీల్చి, చెక్కు లాగి, నమిలి చూపించాలి. చూసినవాళ్లు "అబ్బో" అనేవారు. "చెరుకు కొరికే కోడలు" అని నాకు పేరు పడింది. మార్కెట్టుకి వెళ్తే కూరలావిడ కూడా "ఏదీ, నవ్వమ్మా" అనేది. ముఖం తీసి ఇంట్లో పెట్టి రాలేను కదా.

సరిగ్గా అప్పుడే కుడివైపు కింది దవడ పన్ను మొదలెట్టింది.

మొదట చల్లటి నీళ్లు తాగితే జివ్వున లాగేది. తర్వాత వేడి కాఫీకి లాగేది. తర్వాత ఏమీ తాగకపోయినా లాగేది. ఒకరోజు స్నానాల గదిలో చిన్న అద్దం పట్టుకుని నోరు బార్లా తెరిచి చూసుకున్నాను. వెనక పన్ను మీద నల్లటి గుంట. ఈ ఇంట్లో పులుసులో ఉప్పెక్కువైతే ఫరవాలేదు, పాలు పొంగిపోయినా ఫరవాలేదు, నాకు పిప్పిపన్ను రావడానికి మాత్రం వీల్లేదు. ముందు పళ్లు తళతళా మెరుస్తున్నాయి, వాటి వెనక ఇదీ సంగతి.

ఇక దాచడం మొదలైంది. ఎడమవైపే నమలడం అలవాటు చేసుకున్నాను. పొడిలో వేసే లవంగాలు నోట్లో వేసుకుని ఆ గుంట మీద అదిమి పెట్టుకునేదాన్ని. ఆ ఇంట్లో లవంగాల వాసనకి ఎవరు అనుమానపడతారు? కాసేపు మొద్దుబారేది. అది వదలగానే ముందుకంటే ఎక్కువ. ఉప్పునీళ్లు పుక్కిలించే చప్పుడు బయటికి వినపడకుండా బకెట్లోకి కుళాయి వదిలేదాన్ని. పెరట్లో జామ చెట్టుకి నా చేతికందే లేతాకులన్నీ అయిపోయాయి. "ఈ చెట్టుకేంటి తెగులు పట్టింది" అని అత్తగారు చెట్టు మొదట్లో వేపపిండి వేసింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వచ్చినవాళ్లకి ఆవిడ చెప్పే వైద్యాలే నేను దొంగతనంగా చేసుకుంటున్నాను. ఎదురుగా కూర్చుని "అత్తయ్యా, నాకూ నొప్పి" అంటే చాలు, ఆవిడే చేసిపెట్టేది. అనలేకపోయాను. బయట ఎవరో ఒకరు ఎప్పుడూ కూర్చునే ఉండేవారు. లోపలికి వస్తే ఆవిడ ముఖంలో నా పళ్ల గురించిన సంతోషమే కనపడేది. ఊపిరాడేది కాదు నాకు.

అన్నిటికంటే నరకం చెరుకు. ముక్క చేతికి రాగానే ఎటు పెట్టాలా అని చూసుకునేదాన్ని. ఎడమవైపు కొరికేదాన్ని. ఒకసారి మా వీధి మేష్టారు భార్య "అదేంటమ్మా, ఒకవైపే నములుతున్నావ్" అంది. అత్తగారు నవ్వుతూ "రెండోవైపు కూడా చూపించమ్మా, వాళ్లకి నమ్మకం కుదరద్దూ" అంది. కొరికాను. కళ్లల్లోంచి నీళ్లు జలజలా రాలాయి. "తియ్యగా ఉందా, కళ్లనీళ్లొస్తున్నాయి" అని మేష్టారి భార్య తెగ మురిసిపోయింది. తియ్యగా ఉందట! ఆవిడ పీక పిసకాలనిపించింది.

మా ఆయనకి చెప్పాను. ఆయన గదిలో నుంచి వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇప్పుడా? రేపల్లెలో రెండు కొత్త కొట్లు ఇప్పుడే ఒప్పుకున్నాయి."

"నా పన్నుకేం తెలుసండీ మీ కొట్ల సంగతి?"

"అది కాదు. తెనాలిలో పళ్ల డాక్టరు మెట్లెక్కుతూ నిన్నెవరైనా చూశారంటే ఇంకేమైనా ఉందా? అమ్మ తట్టుకోలేదు. ఈ నెల ఓపిక పట్టు."

జేబులోంచి నొప్పి బిళ్లల అట్ట తీసి ఇచ్చాడు. ముందే కొనుక్కొచ్చి పెట్టాడన్నమాట. అంటే ఆయనకి తెలుసు! నేను ఒకవైపే నమలడం చూస్తూనే ఉన్నాడు. అది తెలిశాక నొప్పికంటే ఒళ్లుమంట ఎక్కువైంది. ఆ బిళ్లలు ఆయన ముఖాన కొట్టలేదు, వేసుకున్నాను. వేరే దారేముంది?

పుట్టింటికి వెళ్లొస్తానంటే పంపించారు. రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చుని, అమ్మకి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్దామని దారంతా అనుకున్నాను. అమ్మ విని నుదురు కొట్టుకుంది. "ఆవిడ ఏరికోరి పళ్లు చూసి చేసుకుంది కదే! ఇక్కడ చూపిస్తే మాత్రం? మీ ఆయన వారం వారం ఈ వీధుల్లోనే తిరుగుతాడు, పొడి కొనేవాళ్లంతా ఇక్కడే ఉన్నారు. పురుగు తీస్తే అదే పోతుంది" అంది.

పురుగు తీయడమంటే మా వైపు వాకుడు పొగ. ముళ్ల వాకుడు కాయల గింజలకి నెయ్యి రాసి నిప్పుల మీద వేస్తారు. పైన చిల్లున్న కొబ్బరి చిప్ప బోర్లించి, ఆ చిల్లులో బొప్పాయి ఆకు కాడ గొట్టంలా పెట్టి పొగని పన్నుకి పట్టిస్తారు. మధ్య మధ్యలో పక్కనున్న నీళ్ల పళ్లెంలోకి ఊస్తూ ఉండాలి. అమ్మ తనే పట్టింది. దగ్గొచ్చి కళ్లు వాచిపోయాయి. తర్వాత చిప్ప తీసి ఆ నీళ్లలో కడిగి, పళ్లెం నాకు చూపించింది. సన్నటి తెల్లటి పలుకులు తేలుతున్నాయి. "ఇదిగో, పడ్డాయి చూడు పురుగులు!" అంది. పక్కింటి పిన్ని కూడా వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది. నేను వంగి చూశాను. నిప్పుల పక్కన పగిలిన వాకుడు గింజలోంచి కూడా అలాంటి తెల్లటి పలుకే బయటికొచ్చి ఉంది. అమ్మకి చూపించాను. "నోర్మూసుకో, అన్నీ నీకే తెలుసు" అంది.

ఆ పొగకి ఒక పూట నిజంగానే నొప్పి తగ్గింది. అమ్మ సంబరంగా నాకు బట్టలు సర్దింది. తిరుగు బండి తెనాలి చేరేలోపే మళ్లీ పొడుచుకొచ్చింది. స్టేషన్లో దిగి, ఇంటికి పోకుండా ఇంకెక్కడికైనా పోదామా అనుకున్నాను. ఎక్కడికి పోతాను? అత్తగారింట్లో చెప్పలేను, పుట్టింట్లో చెప్పినా లాభం లేకపోయింది, మొగుడికి తెలిసీ నోరెత్తడు. నా నోట్లో పన్ను గురించి నా నోటితో చెప్పుకునే చోటు ఈ లోకంలో లేకుండా పోయింది.

మూడు నాలుగు రోజులకి చెంప కింద వాపు మొదలైంది. పమిట చెంగు కప్పుకుని తిరిగాను. జ్వరం కాసింది. "చలిగాలి తగిలింది" అని అత్తగారు మిరియాల కషాయం పెట్టిచ్చింది.

ఆ పొద్దున ఒక చేపలమ్మే ఆవిడ వచ్చింది. రేపల్లె అవతల సముద్రం దగ్గరి ఊరు. బుట్టలో సరుకు అమ్ముకుని, ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. ఎడమ దవడ ఇంతెత్తున వాచి, కన్ను సగం మూసుకుపోయింది. మాట్లాడితే లాలాజలం కారుతోంది, కొంగుతో తుడుచుకుంటోంది. గుమ్మం వెనక నుంచి చూశాను. నాకు పది రోజుల్లో పట్టబోయే గతి వచ్చి అరుగు మీద కూర్చున్నట్టనిపించింది.

అత్తగారు ఉప్పునీళ్లు చెప్పింది, లవంగం చెప్పింది, పొడి చెప్పింది. ఆవిడ తటపటాయించింది. "ఆసుపత్రికి పొమ్మంటన్నారండి మావోళ్లు. పీకేత్తారంట. బయమేత్తంది" అంది.

"పీకించుకోవడమెందుకమ్మా? అమ్మాయ్, ఇలా రా!"

వెళ్లాను. చెంగు చెంప మీద నుంచి జారకుండా పట్టుకుని ముందు పళ్లతో నవ్వాను. ఆవిడ ఆ వాచిన ముఖంతోనే, ఆ ఒంటికన్నుతోనే, నా పళ్ల వైపు ఎంత ఆశగా చూసిందంటే, నాకు లోపల ఏదో తెగిపోయింది.

చెంగు వదిలేశాను. ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాను. "ముందు కాదమ్మా, వెనక చూడు" అని వేలితో బుగ్గ పక్కకి లాగి నోరంతా తెరిచాను. "చూడు. బాగా చూడు. ఇంట్లోనే పొడి ఉంది, రోజూ ఇదే పెట్టి తోముతున్నాను. ఇదీ నా పన్ను. నువ్వు ఆసుపత్రికి పో తల్లీ, ఇయ్యాలే పో."

అత్తగారు నిలబడిపోయింది. వీధిలో వెళ్తున్న సైకిలు కూడా ఆగింది. ఇంకేముంది, అయిపోయింది, ఇల్లూ వ్యాపారం ఈ గంటతో మునిగాయి అనుకున్నాను. భయమేసింది. అయినా హమ్మయ్య అనిపించింది. ఎన్నాళ్లకో ఊపిరి పీల్చుకున్నట్టుంది.

చేపలావిడ నా నోట్లోకి చూసింది. తల అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గుండెల మీద చెయ్యేసుకుంది.

"అమ్మో! రోజూ ఇంత పొడి రుద్దితేనే ఇట్టా అయ్యిందంటే, రుద్దకపోతే ఈపాటికి పళ్లన్నీ రాలిపోయేయి కదమ్మా! నాకు రెండు డబ్బాలియ్యండి."

నేను వద్దన్నాను. చెయ్యి పట్టుకుని మరీ వద్దన్నాను. "నీకేం తల్లీ, నీకు ముందర పళ్లన్నీ బంగారంలా ఉన్నయ్యి" అని చెయ్యి విడిపించుకుని, డబ్బాలు బుట్టలో వేసుకుని, వాచిన దవడతో బస్టాండు వైపు వెళ్లిపోయింది. ఆసుపత్రికి వెళ్లిందో లేదో నాకు తెలియదు. ఆ మనిషి ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆవిడ సందు తిరిగాక అత్తగారు లోపలికెళ్లి టార్చిలైటు తెచ్చింది. నా గడ్డం పట్టుకుని వెలుగు వేసి చూసింది.

"ఎన్నాళ్లుగానే?"

చెప్పాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిచ్చి మొద్దూ, నాకు చెప్పొద్దూ! నేనేమన్నా రాక్షసినా?" అని నన్ను పొదువుకుంది. జ్వరంతో ఉన్నానేమో, ఆ చేతుల్లో చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత కొడుకుని పిలిచింది. "ఇక్కడ వద్దు. బాపట్ల తీసుకెళ్లు. అక్కడ మన పొడి లేదు" అంది.

బాపట్లలో డాక్టరమ్మ మంచి మనిషి. ముందు పళ్లు చూసి ముఖం చిట్లించింది. "ఏంటమ్మా, దేంతో తోముతున్నావు?" అంది. మా ఆయన నేల చూపులు చూశాడు. ఊక బూడిద అని నేనే చెప్పాను. "గిన్నెలు తోమినట్టు తోమావు. పైపొర అరిగిపోయింది, ఇక చల్లనీళ్లకి ఇవి కూడా జివ్వుమంటాయి. ఇప్పుడు తెల్లగానే ఉంటాయి, పొర మొత్తం పోయాక పచ్చబడతాయి. వేలు ముందు పళ్ల మీదే తిరుగుతోంది, వెనక్కి పోవట్లేదు. ఉప్పునీళ్లు మంచివే. లవంగం నొప్పిని ఆపుతుంది కానీ పుచ్చునాపదు. నొప్పి ఆగింది కదా అని ఇన్నాళ్లు కూర్చున్నావు" అంది. చీముకి మందులిచ్చి, వాపు తగ్గాక రమ్మని, రెండోసారి వెళ్లినప్పుడు పన్ను తీసేసింది.

తిరుగు బండిలో నోట్లో దూది అదిమి పట్టుకుని కూర్చున్నాను. దవడ మొద్దుబారి ఉంది, ప్రాణం మాత్రం తేలిగ్గా ఉంది. ఇక నన్ను అరుగు మీదకి పిలవరు. చెరుకు ఇవ్వరు. పన్ను లేని కోడల్ని ఎవరికి చూపిస్తారు? మార్కెట్టుకి వెళ్లి మూతి ముడుచుకుని కూరలు కొనుక్కుంటాను. మా ఆయనతో ఆ మాటే అన్నాను.

డాక్టరమ్మ చెప్పిందంతా అత్తగారికి పూస గుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నది. నాకు రాగిజావ కాచి, చల్లార్చి, గ్లాసులో పోసిచ్చింది. వారం రోజులు నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు.

ఆ వారం అయ్యాక ఒక సాయంత్రం అరుగు మీద ఎవరో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను లోపల బియ్యం ఏరుతున్నాను.

"అమ్మాయ్, ఇలా రా ఒకసారి."

చేట పట్టుకునే బయటికి వచ్చాను. అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసి వాళ్ల వైపు తిప్పింది. "మా కోడలు. పెళ్లికి ముందు పుట్టింట్లో పేస్టు వాడేది. ఆ పేస్టు ఒక పన్ను తినేసింది పాపం, మొన్ననే తీయించాం. మన పొడి మొదలెట్టబట్టి మిగతావి దక్కాయి" అంది.

మా పుట్టింట్లో పేస్టు కొన్న పాపాన పోలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వేపపుల్లే. ఆ మాట చెబుదామని ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ నా వైపు ఎంతో ప్రేమగా చూస్తోంది. వాళ్లిద్దరూ నా నోటి వైపు చూస్తున్నారు.

"ఇంకాస్త పెద్దగా తెరువమ్మా, సందు కనపడట్లేదు వాళ్లకి" అంది.

తెరిచాను.